పండగ ఏ రోజండీ, మాస్టారూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి: ఉగాది ఎప్పుడు, శ్రీరామనవమి ఎప్పుడు? నేను కోనసీమ పల్లెల్లో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. పంచాంగం చూడడం మా తాతగారి దగ్గర, లంకలో మా ఇంటి అరుగు మీద నేర్చుకున్నాను. తెలిసినంత వరకు చెబుతాను. ఇక్కడ రాసిన గంటలూ నిమిషాలూ దృక్ పంచాంగానివి, అంటే సూర్యచంద్రులు ఆకాశంలో నిజంగా ఎక్కడ కనిపిస్తారో దాన్నిబట్టి గుణించినవి. మీ ఇంట్లో ఉన్నది పూర్వ పద్ధతి పంచాంగమైతే కొంత తేడా కనిపిస్తుంది.

ప్రశ్న: మార్చి 19న తెల్లారేసరికి అమావాస్య ఉంది. 20న తెల్లారేసరికి విదియ వచ్చేసింది. మరి పాడ్యమి ఏమైనట్టు? అమావాస్య పూట తలంట్లేమిటని మా అత్తగారు పట్టుబట్టారు. ఉగాది ఏ రోజు చేసుకోవాలి?
*ఒక గృహిణి, పాలకొల్లు*

అమ్మా, ఈ 2026 ఉగాది మార్చి 19నే, గురువారం. అయినా మీ అత్తగారి మాటనూ తీసెయ్యకండి.

ఆ రోజు ఉదయం 6 గంటల 52 నిమిషాల దాకా అమావాస్యే. మన డెల్టాలో పొద్దు పొడిచేది ఆరు దాటి ఏడెనిమిది నిమిషాలకు. అంటే సూర్యుడు వచ్చాక కూడా ముప్పావు గంట అమావాస్య ఉంటుంది. ఆపైన పాడ్యమి మొదలై, శుక్రవారం తెల్లవారుజామున 4 గంటల 52 నిమిషాలకు వెళ్ళిపోతుంది. ఈ పాడ్యమికి సూర్యోదయమే లేదు. దీన్ని క్షయ తిథి అంటారు. ఇలా రెండు సూర్యోదయాలకూ పాడ్యమి తగలనప్పుడు మొదటి రోజునే ఉగాది చేయాలన్నది నిర్ణయం. కాబట్టి ఏడు గంటలు కొట్టాక నూనె పెట్టండి. అప్పటికి అమావాస్య వెళ్ళిపోయి ఉంటుంది, అత్తగారి మాటా నిలబడుతుంది. వేపపువ్వు దులపడం, మామిడికాయ తరగడం, కొత్త చింతపండు నానబెట్టడం ఈలోపే కానివ్వొచ్చు. పచ్చడి మాత్రం తలంటు అయ్యాకే కలపండి.

ఒక తిథి ఇరవై రెండు గంటల్లోనే ఎలా అయిపోయిందని కూడా చాలామంది అడిగారు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి అయినట్టు. 360 డిగ్రీలను 30 తిథులకు పంచితే వచ్చేది అంతే. కానీ చంద్రుడి నడక రోజూ ఒకేలా ఉండదు. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వడిగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తాడు. అందుకే ఒక తిథి ఇరవై గంటలకే అయిపోతే, ఇంకొకటి ఇరవయ్యారు గంటలు పడుతుంది. పాత సిద్ధాంతులు దీన్ని "బాణవృద్ధి రసక్షయం" అన్న ఒక్క ముక్కలో చెప్పారు. బాణాలు ఐదు, రసాలు ఆరు. వారి లెక్కలో అరవై ఘడియల తిథి ఐదు ఘడియల దాకా పెరగొచ్చు, ఆరు ఘడియల దాకా తరగొచ్చు. ఘడియ అంటే 24 నిమిషాలు.

తాతగారు నాకు ఈ పాఠం పుస్తకంలో చెప్పలేదు. వైనతేయ రేవుకు తీసుకెళ్ళి మెట్ల మీద కూర్చోబెట్టేవారు. సముద్రం పోటు మన పాయల్లోకి ఎగదన్నుతుంది కదా, నీళ్ళు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో, ఎంత పొద్దెక్కాక వచ్చాయో చూడమనేవారు. ఇవాళ వచ్చిన వేళకు రేపు రాదు, ముప్పావు గంటో ఇంకొంచెమో ఆలస్యం. అమావాస్యకూ పున్నానికీ పై మెట్టు తడుస్తుంది, అష్టమికి అంత ఎత్తు రాదు. పడవవాళ్ళు ఆ తడి చూసే ఆ రోజు తిథేమిటో చెప్పేవారు. పంచాంగంలో ఉన్న అంకెలు ఎక్కడో ఆకాశం సంగతి కాదని, మా రేవు మెట్ల మీద నీళ్ళ సంగతేనని నాకు పదేళ్ళ వయసులో తెలిసింది.

ప్రశ్న: శ్రీరామనవమి 26 అని కొందరు, 27 అని కొందరు అంటున్నారు. దీపావళికీ ఇదే గొడవ. మా చిన్నప్పుడు ఇవన్నీ ఉండేవి కావు. ఇప్పుడే ఎందుకిలా?
*రిటైర్డ్ ఉద్యోగి, భీమవరం*

అయ్యా, అప్పుడూ ఉండేవి. ఊరి సిద్ధాంతిగారు ఒక మాట చెబితే ఊరంతా అదే చేసేది కనుక రెండో మాట మన చెవిన పడేది కాదు. ఇప్పుడు ఫోనులో నాలుగు ఊళ్ళ పంచాంగాలు ఒకేసారి కనిపిస్తున్నాయి.

అసలు కిటుకు ఒకటే. తెల్లారి ఏ తిథి ఉంటే ఆ రోజే పండగ అనుకోవడంతో టెన్షన్ మొదలవుతుంది. చాలా పండగలకు సూర్యోదయంతో పని లేదు. ప్రతి పండగకూ తనదైన వేళ ఉంది. రాముడు పుట్టింది మిట్టమధ్యాహ్నం, కాబట్టి మధ్యాహ్నానికి నవమి ఉండాలి. వినాయక చవితికీ మధ్యాహ్నమే. కృష్ణుడిది అర్ధరాత్రి. శివరాత్రికి లింగోద్భవ కాలం, అదీ అర్ధరాత్రే. నరక చతుర్దశి తలంటు తెల్లవారుజామున చుక్కలుండగా. దీపావళి పొద్దు గుంకాక, ప్రదోష వేళ. "ఈ దేవుణ్ణి ఏ పూట కొలుస్తాం" అని ముందు అడగండి, తరవాత పంచాంగం తెరవండి. పదింట ఎనిమిదిసార్లు అనుమానం అక్కడితో తీరిపోతుంది.

మొన్న 2025 దీపావళి చూడండి. అమావాస్య అక్టోబరు 20 మధ్యాహ్నం మూడుముప్పావుకు వచ్చి, 21 సాయంత్రం 5 గంటల 54 నిమిషాలకు వెళ్ళింది. 21న మనకు పొద్దు గుంకింది 5 గంటల 37 నిమిషాల ప్రాంతంలో. చీకటి పడే వేళకు మిగిలింది పదిహేడు నిమిషాలు, ఘడియ కూడా నిండలేదు. రెండో రాత్రికి కనీసం ఒక ఘడియైనా అమావాస్య తగిలితేనే రెండో రోజు అన్నది ఒక నియమం. కాబట్టి 20నే దీపాలు పెట్టుకున్నాం. అంతకు ముందు 2024లో నవంబరు 1న అమావాస్య పొద్దు గుంకాక ముప్పావు గంట నిలిచింది. అక్కడ పండితులే రెండు మాటలయ్యారు. ఎక్కువమంది అక్టోబరు 31నే చేశారు, నవంబరు 1న చేసినవారిదీ తప్పు కాదు.

మా ఇంట్లో ఆ వేళ ఎలా తెలిసేదంటే, నాయనమ్మ పెరట్లోకి వెళ్ళి కొబ్బరిచెట్ల నడుమ మొదటి చుక్క కోసం చూసేది. చుక్క కనబడగానే కేకేసేది. గోగు కర్రలకు పాత పంచె గుడ్డ వత్తులుగా చుట్టి, నువ్వుల నూనెలో ముంచి మా చేతికిచ్చేవారు. "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి" అంటూ నేల మీద కొట్టేవాళ్ళం. కాళ్ళు కడుక్కుని లోపలికొస్తే నోట్లో ఇంత మిఠాయి. ఆ తరవాతే మతాబాలు. నాలుగు రోజులకు నాగుల చవితి వస్తుందని పిల్లలకు గుర్తుండేది కూడా ఆ పాటతోనే.

ఇక మీ శ్రీరామనవమి. నవమి మార్చి 26న పగలు 11 గంటల 48 నిమిషాలకు వచ్చి, 27న ఉదయం 10 గంటల 6 నిమిషాలకు వెళుతుంది. మధ్యాహ్నానికి నవమి ఉన్నది 26నే. కానీ 26 ఉదయమంతా అష్టమి. అష్టమి అంటిన నవమి పనికిరాదన్నది వైష్ణవ సంప్రదాయం, వారికి 27. రెండూ శాస్త్రమే. నా మాట అడిగితే, ఇంట్లో పూజ సంగతి మీ పురోహితుణ్ణి అడగండి కానీ, కళ్యాణానికి మాత్రం మీ వీధి రామాలయంలో పందిరి ఏ రోజు వేస్తే ఆ రోజే వెళ్ళండి. పానకం బిందెలో మిరియాలూ యాలకులూ వేసి తెడ్డుతో తిప్పుతున్న చోట నలుగురితో కలిసి నిలబడకుండా, మర్నాడు ఇంట్లో ఒక్కరే గ్లాసుడు పానకం తాగితే శ్రీరామనవమి చేసుకున్నట్టు నాకు అనిపించదు.

ప్రశ్న: సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14 కదా, ఈ ఏడాది 15న ఎందుకు చేశాం? ఇలా జరుగుతూ పోతుందా?
*డిగ్రీ విద్యార్థి, అమలాపురం*

బాబూ, మంచి ప్రశ్న. మిగతా పండగలు చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తాయి, సంక్రాంతి సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తుంది. సూర్యుడు మకర రాశిలో అడుగుపెట్టే క్షణమే సంక్రమణం. అందుకే ఇంగ్లీషు తేదీకి ఇంచుమించు కట్టుబడి ఉంటుంది.

నక్షత్రాల లెక్కలో సూర్యుడు ఒక చుట్టు తిరిగి రావడానికి 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు పడుతుంది. గోడమీద క్యాలెండరు ఏడాది సగటున 365 రోజుల 5 గంటల 49 నిమిషాలు. తేడా ఏడాదికి ఇరవై నిమిషాలు. నువ్వే భాగించి చూడు, 72 ఏళ్ళకు ఒక రోజు. స్వామి వివేకానంద పుట్టినరోజు 1863 జనవరి 12 అని స్కూల్లో చదివే ఉంటావు. ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు 14, 15ల మధ్య ఊగుతోంది, ముందు ముందు 15, 16ల మధ్య ఊగుతుంది. సంక్రాంతి నాడే ఉత్తరాయణం అంటాం కానీ, సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22ల్లో. ఆ రెండూ ఒకే రోజు పడింది సుమారు 1,700 ఏళ్ళ కిందట. ఇది చెబితే కొందరు పెద్దలు నొచ్చుకుంటారు, నాకు మాత్రం దాచవలసిన సంగతిగా తోచదు. మన పూర్వులు ఆకాశం చూసి పండగ పెట్టారు. మనమూ ఆకాశం చూడాలి.

ఈ ఏడాది 15కి వేరే కారణం కూడా ఉంది. దృక్ లెక్కలో సంక్రమణం 14 మధ్యాహ్నం 3 గంటల 13 నిమిషాలకు. సూర్యసిద్ధాంతమనే పాత గణిత గ్రంథాన్ని పట్టుకున్న పూర్వ పద్ధతిలో ఆ రోజు రాత్రికి పడింది. చీకటి పడ్డాక సంక్రమణమైతే పుణ్యకాలం మర్నాడు. మన వైపు ఎక్కువమంది ఆ పద్ధతివారే కనుక 14న భోగి, 15న పెద్ద పండగ, 16న కనుమ అయ్యాయి.

కనుమ అంటే నాకు మాత్రం జగ్గన్నతోటే. అక్కడికి చుట్టుపట్ల పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభలెక్కి వస్తారు. వ్యాఘ్రేశ్వరం, మొసలపల్లి, ఇరుసుమండ, వక్కలంక, ముక్కామల, పాలగుమ్మి, అన్నీ నడిచి వెళ్ళగలిగే దూరంలోని ఊళ్ళే. వెదురు బద్దలకు రంగు బట్టలు చుట్టి, నెమలి ఈకలూ పూలదండలూ కట్టిన ఆ ప్రభను భుజాల మీద మోసుకొస్తుంటే, "అశరభ శరభ" అన్న కేక వినబడే సరికి గట్టు మీద ఉన్నవాళ్ళమంతా లేచి నిలబడేవాళ్ళం. గంగలకుర్రు ప్రభలైతే కౌశికలో దిగి, మోసేవాళ్ళు గుండెల దాకా నీళ్ళలో ఉండగా ఇవతలికి వస్తాయి. దారిలో పచ్చటి వరిచేలు. రైతు తన చేను తొక్కుతున్నారని బాధపడడు, స్వామి తన చేలో నడిచాడని దణ్ణం పెడతాడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఈ ప్రభల తీర్థాన్నే చూపించారు. టీవీలో చూశాను, సంతోషమే. కానీ ఆ నీళ్ళ చప్పుడు టీవీలో రాదు. వచ్చే కనుమకు నువ్వు వెళ్ళి చూడు, అమలాపురానికి ఎంత దూరమని.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఉగాది ఇక్కడి రోజే చేసుకోవాలా, అక్కడి లెక్క వేరా?
*ఒక తల్లి, రాజోలు*

అక్కడి సూర్యోదయం, అక్కడి లెక్కే అమ్మా. తిథి అన్నది లోకమంతటికీ ఒకే క్షణంలో మారుతుంది, గడియారాలే వేరు. మనకు 19 ఉదయం 6 గంటల 52 నిమిషాలంటే అమ్మాయికి 18 రాత్రి 9 గంటల 22 నిమిషాలు. వాళ్ళకు 19న తెల్లారేసరికి పాడ్యమి హాయిగా ఉంటుంది, ఆ సాయంత్రం ఏడు దాటేదాకా ఉంటుంది. మనల్ని ఇంత తిప్పలు పెట్టిన క్షయం అక్కడ లేనే లేదు. వాళ్ళకూ ఉగాది 19నే. ఈసారి తేదీ కలిసింది, ప్రతిసారీ కలవదు. కాబట్టి ఇక్కడి పంచాంగంలో గంటలు చూసి ఫోనులో చెప్పకండి, ఆ ఊరికి గుణించిన పంచాంగం చూసుకోమనండి. వేపపువ్వు దొరకదని బెంగపడుతున్నట్టు రాశారు. ఇప్పుడే నీడన ఆరబెట్టి, పొడి డబ్బాలో పోసి, ఎవరైనా వెళుతుంటే పంపండి. ఎండినా చేదు పోదు.

ప్రశ్న: ఈ ఏడాది అధికమాసం అంటున్నారు. ఎందుకు వస్తుంది? పండగలు ఆలస్యమవుతాయా?
*ఒక పాఠకుడు, రామచంద్రపురం*

అవుతాయి. చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులే, సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. ఆ బాకీ రెండున్నరేళ్ళు దాటేసరికి నెలంత అవుతుంది. అప్పుడు సంక్రమణం లేని నెల ఒకటి వస్తుంది, అదే అధికం. ఈసారి అధిక జ్యేష్ఠం, మే 17 నుంచి జూన్ 15 దాకా. పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ పెట్టుకోరు, జపాలకూ దానాలకూ మంచిది. నిరుడు ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి ఈసారి సెప్టెంబరు 14కు, దీపావళి నవంబరు 8కి వెళ్ళాయి.

ప్రశ్న: గోదావరి పుష్కరాల తేదీల మీద రకరకాల మాటలు వింటున్నాం. ఎందుకు?
*ఒక పాఠకురాలు, కొవ్వూరు*

గురువు సింహరాశిలో ప్రవేశించినప్పుడు మన గోదావరికి పుష్కరం, సుమారు పన్నెండేళ్ళకోసారి. కిందటిసారి 2015 జూలై 14న మొదలైంది. ఈసారి గురువు తిన్నగా వెళ్ళడం లేదు. ఈ అక్టోబరు ఆఖరున సింహంలో అడుగుపెట్టి, వక్రించి, 2027 జనవరిలో కర్కాటకానికి వెనక్కి వచ్చి, జూన్ ఆఖరులో మళ్ళీ సింహంలోకి వెళతాడు. ఏ ప్రవేశాన్ని లెక్కపెట్టాలన్న దాంతో మాటలు రకరకాలుగా వచ్చాయి. స్థిరంగా ఉండేది రెండో ప్రవేశం, కాబట్టి 2027 అనుకుని మీ ఏర్పాట్లు చూసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు పుష్యమాసంలో పోయారు. ఏడాది పాటు ఇంట్లో ఏ పండగా చెయ్యకూడదని బంధువులు చెప్పారు. ఉగాది పచ్చడి కూడా వద్దట. ఆయనకు ఉగాదంటే ప్రాణం. పిల్లలు తాతయ్య పచ్చడి అని అడుగుతున్నారు. ఏం చెయ్యమంటారు?
*పేరు వద్దన్న పాఠకుడు, మలికిపురం*

బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

కర్మలు పూర్తయి శుభస్వీకారం అయితే మైల తీరినట్టే. నిత్య దీపం పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. కర్మ చేసిన కొడుకు ఏటి సూతకం పాటించి పెళ్ళిళ్ళ వంటి శుభకార్యాలు తలపెట్టకపోవడం ఆచారం, దాన్ని ఉంచండి. కొత్త బట్టలూ పిండివంటలూ మామిడాకుల తోరణాలూ వద్దనడం ఇంటింటికీ మారే పద్ధతి, మీ ఇంటి పద్ధతి ఏదైతే అది చెయ్యండి. ఉగాది పచ్చడి విందు భోజనం కాదు. వేపపువ్వు చేదుతో కలిపి నోట్లో వేసుకునే ప్రసాదం. పోయినవారున్న ఇంట్లో దానికి అడ్డేమిటో నాకు తెలియడం లేదు.

మా నాయనమ్మ మాఘంలో పోయింది. అప్పుడు నేను ఏడో తరగతి. ప్రతి ఉగాదికీ రామాలయంలో పంచాంగం చదివేది తాతగారే. ఆ ఏడు తాను గుడికి రానన్నారు. సాయంత్రం ఊరివాళ్ళే వచ్చి మా అరుగు చుట్టూ కూర్చున్నారు. పొద్దున మాత్రం ఆయన ఎవరికీ చెప్పకుండా పెరట్లో వేపచెట్టు కింద తుండు పరిచి, కొమ్మ దులిపారు. ఆ పని ఎప్పుడూ నాయనమ్మది. చేటలో పోసి చెరగడం ఆయనకు చేతకాక సగం పువ్వు నేలపాలైంది. ఈనెలు ఏరకుండానే పచ్చడిలో వేసేశారు, నాలిక మీద గుచ్చుకున్నాయి. అమ్మ తీసేయబోతే వద్దన్నారు. మొదటి గరిటె ఒక తమలపాకులో పెట్టి, నాయనమ్మ పీట ముందుంచారు. పాత పంచాంగాన్ని మేకుకు వేలాడుతున్న పురికొసతో సహా తీసి ఆ పీట మీదే పెట్టారు. దాని అట్ట మీద, లోపల చవితుల దగ్గరా ఏకాదశుల దగ్గరా, ఆవిడ పసుపు వేళ్ళ ముద్రలు ఉన్నాయి. ఆ తరవాత మమ్మల్ని పిలిచి తలో చెంచా పెట్టారు.

పచ్చడి చెయ్యండి బాబూ. నాన్నగారు ఎలా చేసేవారో అలాగే చెయ్యండి, చెరుకు ముక్కలు వేసేవారైతే చెరుకు ముక్కలు, అరటిపండు వేసేవారైతే అరటిపండు. గురువారం ఏడు దాటాక, పాడ్యమి వచ్చాక కలపండి. మొదటి చెంచా ఆయన ఫొటో దగ్గర పెట్టి, పిల్లలకు పెట్టండి.